మూడు సీధా, రెండు ఉల్టా

ఉన్నికి మైల లేదంటారు మా వైపు. ఎంత మడి పాటించే ముసలమ్మ అయినా గొంగడి తగిలిందని స్నానానికి పరుగెత్తదు. మా లింగాయతులకు అసలు మైలే లేదని మా గురువు జంగమయ్య చెబుతూనే ఉండేవాడు. చెప్పిన మాట చెవుల్లో ఉంటుంది, అలవాటు చేతుల్లో ఉంటుంది. మా అత్త బతికి ఉన్నన్నాళ్లూ పక్కింటి చెంబెడు నీళ్లు మా గడప దాటి రాలేదు. ఆమె పోయాక నేనూ ఆ పద్ధతే పట్టుకుని ఉన్నాను. కానీ పక్కింట్లో కొత్తగా దిగిన గౌహర్ ఆపా చేతిలోని ఊలుండ పిట్టగోడ మీద నుంచి జారి నా ఒళ్లో పడ్డ రోజున నేను లేచి చేతులు కడుక్కోలేదు. ఉన్నే కదా, దానికి మైలేమిటి అనుకున్నాను. మా రెండిళ్ల స్నేహం ఆ ఉండ వెంటే దొర్లుకుంటూ వచ్చింది.

అది యూనియన్ మిలట్రీ నిజాం మీదికి జహీరాబాద్ మీదుగా పోయిన ఏడాది. ఉగాది వెళ్లాక దస్తగీర్ సాబ్ అని స్టేషన్లో పార్సిల్ గుమస్తా పర్భణి నుంచి బదిలీ మీద వచ్చి మా పక్క ఇంట్లో దిగాడు. ఇంట్లో ముగ్గురే. ఆయన, భార్య గౌహర్ బేగం, ఇరవై ఏళ్ల కొడుకు జహంగీర్. ఆ పిల్లవాడికి ఉబ్బసం. ఆకాశంలో మబ్బు పట్టిందంటే చాలు, వాడి ఊపిరి గోడ ఇవతలికి వినిపించేది, ఎవరో తడి కట్టెను రంపంతో కోస్తున్నట్టు.

ఆపాకు అల్లిక వచ్చినంతగా నేను చూసిన ఆడవాళ్లలో ఎవరికీ రాదు. మాటలు మాట్లాడుతూ, పొయ్యి మీది కూర వైపు చూస్తూ, సలాయి పుల్లల వంక తిరగకుండానే పువ్వులూ జడలూ తీసేది. నా విద్య అంతంత మాత్రం. నా బిడ్డ గంగ పుట్టినప్పుడు బీదరు దవాఖానలో ఉండిపోవలసి వస్తే అక్కడి నర్సమ్మ ఒకామె పొద్దుపోకకు నేర్పింది. ఎదురుగా కనబడే అల్లిక సీధా, వెనక్కి తిప్పి వేసేది ఉల్టా. అంచుకు రెండు సీధా, రెండు ఉల్టా వేయాలని ఆమె చెప్పింది. ఆమె లెక్క ఇంగ్లీషులో ఉండేది, నా బుర్రకెక్కలేదు. నాకు తప్పకుండా వచ్చిన లెక్క ఒకటే. న, మ, శి అని మూడు సీధా వేసేదాన్ని. వా, య అని రెండు ఉల్టా. పంచాక్షరి ఒకసారి పూర్తయితే అయిదు అల్లికలు అయినట్టు. అట్లా నడుము చుట్టూ అల్లుకుంటూ పోతే లెక్క తప్పేది కాదు, జపమూ అయ్యేది. నేను అల్లిన వాటన్నిటికీ అదే అంచు.

ఆపా మొదటిసారి చూసినప్పుడు ముక్కు మీద వేలేసుకుంది.

"గిదేం అంచు నీలమ్మా? ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. లంగడా అంచు."

అది కుంటిది కాదని, మా దేవుని పేరు అని చెప్పాను. ఆమె వేలితో ఒక్కొక్క గీతా తడిమి చూసి, అయితే ఇది దస్తఖతు అన్నమాట, జహీరాబాద్ నుంచి హైదరాబాద్ దాకా వెతికినా ఇట్లాంటి అంచు ఇంకొకటి దొరకదు అని నవ్వింది. సలాయి మీది ఒక్కో అల్లికను ఆమె ఫందా అనేది. ఫందా అంటే ఉచ్చు అని కూడా అర్థమట. ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు నవ్వు వచ్చేది.

ఆషాఢం వచ్చేసరికి నవ్వు తగ్గింది. సోలాపూర్ సడక్ మీద బండ్లు రావడం మానేశాయి. ఉప్పుకే కరువైన చోట ఊలు ఎక్కడిది? సోలాపూర్ ఊలు అంతకు ముందు దీపావళికి కొన్నదే ఆఖరు. బూడిద రంగు, మెత్తటిది. దానితో రాయికోడ్‌లో ఉండే నా తమ్ముడు రేవణసిద్ధప్పకు స్వెటర్ అల్లి ఇచ్చాను. నాలుగు ఉండలు మిగిలితే, అవి మీ బావకని వాడికి చూపించి పెట్టెలో దాచాను. కార్తీకంలో వాడు ఆ స్వెటర్ తొడుక్కుని, చేను చూసి వస్తానని అమ్మకు చెప్పి పోయి మళ్లీ ఇల్లు చేరలేదు. సరిహద్దు అవతల నిజాం మీద కొట్లాడేవాళ్ల క్యాంపులో చేరాడని, రాత్రిపూట ఇటు వచ్చి సర్కారు చౌకీల మీద పడుతున్నారని ఆ నోటా ఈ నోటా తెలిసింది. ఆ తర్వాత మాట లేదు, మనిషి లేడు.

క్యాంపుకు పోయినవాళ్ల చుట్టాలను రజాకార్లు వెతుకుతున్నారు. ఒక మధ్యాహ్నం మా ఇంటికీ వచ్చారు. చెప్పులతోనే దేవుని గది దాకా నడిచి, నీ తమ్ముడు ఎక్కడ అని నన్నడిగారు. తెలియదన్నాను. ఏ క్యాంపులో ఉన్నాడో నాకు నిజంగానే తెలియదు. మా ఆయన చెన్నబసప్ప అల్లం, బెల్లం వ్యాపారి, నెమ్మదైన మనిషి. ఆయన్ను అంగడి నుంచి పిలిపించి నిలబెట్టే అడిగారు. ఇంకోసారి వస్తామని చెప్పి పోయారు. వాళ్లు పోయాక గది కడిగాను. ఎంత కడిగినా తోలు వాసన పోలేదనిపించింది.

ఆ వారమే వాన పట్టింది. జహంగీర్‌కు ఆయాసం ఎక్కువైంది. గూడ్స్ షెడ్డులో వాడిది రాతపని. పైకప్పు కారుతుంది, తడవక తప్పదు. ఆపా తన పెట్టె, నేను నా పెట్టె తెచ్చి గోడ దగ్గరి నులక మంచం మీద ఉన్న ఊలంతా పరిచాం. కొత్తది లేదు కాబట్టి పాతవి విప్పి మళ్లీ అల్లుకోవాలి. విప్పిన ఊలు అంత తొందరగా దారికి రాదు. ఏ అల్లికలో ఎన్నాళ్లుందో ఆ వంకరలన్నీ దారంలో ఉండిపోతాయి. మోచేతికీ అరచేతికీ మధ్య చిలప చుట్టి, నీళ్లలో ముంచి, కింద చెంబు కట్టి వేలాడదీస్తే తప్ప సాపు కాదు.

దస్తగీర్ సాబ్ ఖాకీ మఫ్లరు ఉంది. జహంగీర్ చిన్నప్పటి పచ్చ స్వెటర్ ఉంది. గంగకు చిన్నదైపోయిన నారింజ రంగు కోటు ఉంది. నా బూడిద రంగు ఉండలు ఉన్నాయి.

"ఖాకీ తీసెయ్," అంది ఆపా మొదటే. "ఖాకీ ఏసుకొని పోతె మావోడివేనాయె, బందూకు పట్టుమని రజాకార్లు తోల్కపోతరు. ఉబ్బసమని చెప్పి ఇన్నాళ్లు వాళ్ల చేతుల పడకుంట కాపాడుకున్న వాణ్ని."

పచ్చ బాగానే ఉంది కదా అన్నాను. తల అడ్డంగా ఊపింది. పచ్చ చూస్తే మీ వాళ్లకు మంటట. నారింజ రంగును నేనే పక్కన పెట్టాను, చూస్తే కాషాయమంటారని. ఆపా మూడింటినీ ఒక పక్కకు నెట్టింది.

"గీ కాలంల ఊలుకు గూడ జాతి పుట్టింది," అంది.

బూడిద రంగు మిగిలింది. అది విభూతి రంగని నేనంటే, ఫకీరు పొగగుండంలో బూడిదా ఇదే రంగు, ఇద్దరికీ పనికొస్తుందని ఆమె అంది. నాలుగు ఉండలూ చాలవు. ఆమె దగ్గర పాత బూడిద రంగు మఫ్లరు ఒకటి ఉంది, దాన్ని విప్పి వీపుకు వేసుకోవచ్చు. కానీ ఆ ఉండలు మా ఆయనవి. అన్నం తినేటప్పుడు అడిగాను. ఆయన ముద్ద ఆపకుండానే అన్నాడు, "నాకు కంబళి ఉన్నది గద. ఆ పిల్లగాని ఊపిరి గోడ అవతల నుంచి ఇనలేకపోతున్న. వానికే అల్లియ్యి."

అల్లేది నేనే కావాలని ఆపా పట్టుబట్టింది. నాకంటే వందరెట్లు బాగా అల్లే మనిషి, తన కొడుక్కు తాను అల్లనంటే నాకు వింతగా తోచింది. అప్పుడు చెప్పింది. జహంగీర్‌కు ముందు ఇంకో కొడుకు ఉండేవాడట. కడుపులో ఉండగానే మురిసిపోయి టోపీ, మేజోళ్లు, స్వెటర్ అన్నీ అల్లి పెట్టుకుందట. పిల్లవాడు నలభయ్యో రోజు చూడలేదు. తల్లి చేతి అల్లిక బిడ్డకు నజరు, అదే దిష్టి, తగిలిస్తుందని వాళ్ల అత్త అన్న మాట లోపల ఉండిపోయింది. జహంగీర్ ఒంటి మీద అన్నీ కొన్నవే, తాను అల్లినవి ఏవీ లేవు.

"నువ్వు నా కొడుక్కు అల్లు. నేను నీ గంగకు అల్లుత," అంది. "నీ దేవుని పేరు వాని నడుము సుట్టు ఉంటది గద. ఎవల పేరైతేంది. పోరడు బతకాలె."

అట్లా ఒప్పుకున్నాం. వాళ్లకు రంజాన్ ఉపవాసాలు, నాకు సోమవారాలు. ఇద్దరం ఖాళీ కడుపులతో గోడకు అటూ ఇటూ కూర్చుని అల్లేవాళ్లం. ఆమె నారింజ కోటు విప్పి గంగకు కింది నుంచి స్వెటర్ ఎత్తింది. నేను బూడిద రంగు ఎక్కించాను. న, మ, శి. వా, య. మరొకరి బిడ్డ కోసం అంత భక్తిగా నేను ఎన్నడూ జపం చేయలేదు. ఊరి మీద మబ్బు దిగి ఉండేది. రాయికోడ్ వైపు పల్లెల నుంచి మూటలతో వచ్చేవాళ్లు స్టేషన్ దగ్గర చెట్ల కింద కూర్చుని, ఏ ఊరు తగలబడిందో చెప్పుకునేవారు.

శ్రావణంలో స్వెటర్ పూర్తయింది. జహంగీర్ గోడ దగ్గరికి వచ్చి తొడుక్కున్నాడు. చేతులు లేనిది, నడుము దగ్గర అంచు పట్టినట్టు కూర్చుంది. వాడు కిందికి చూసుకుని, "కుంటుతుందా ఖాలా?" అని నన్నడిగాడు. వాళ్లమ్మ నవ్వితే వాడూ నవ్వి, దగ్గు వచ్చి ఆగాడు.

ఆపా మాత్రం వాణ్ని దగ్గరికి పిలిచి, వాడి చెయ్యి తన తల మీద పెట్టించుకుంది. స్టేషన్లో రజాకార్లు మా ఇంటి గురించి ఆరా తీస్తున్నారట. క్యాంపు వాడి అక్క అల్లిన బట్ట దస్తగీర్ కొడుకు ఒంటి మీద ఉందని తెలిస్తే వాడికీ మంచిది కాదు, నాకూ మంచిది కాదు.

"ఎవలడిగినా మా అమ్మీ అల్లిందనాలె. దోస్తు అడిగినా, దుష్మన్ అడిగినా. ఈమె పేరు నీ నోట రావొద్దు. నా తల మీద ఒట్టు."

"మా అమ్మీ అల్లింది," అన్నాడు వాడు, పాఠం అప్పజెప్పినట్టు.

అంత జాగ్రత్త ఎందుకని నేనన్నాను గానీ లోపల నాకు నెమ్మది అనిపించింది. నా పేరు కాచిందని.

వినాయక చవితి వెళ్లాక పడమటి నుంచి ఉరుములు వినిపించాయి. ఉరుము కాదు, ఫిరంగి అన్నారు. మా ఆయన అంగడి తలుపులు వేసి వచ్చాడు. రెండు రోజులు ఎవరమూ గడప దిగలేదు. తర్వాత సోలాపూర్ సడక్ మీద లారీలు, వాటి వెనుక లారీలు, పొద్దంతా పోయాయి. రజాకార్లు ఎటు పోయారో తెలియదు, వాళ్ల ఖాకీ చొక్కాలు మురికి కాలువల్లో తేలాయి. జనం రోడ్డు మీద నిలబడి దండలు వేశారు. నేనూ కిటికీలో నుంచి దండం పెట్టాను. చెప్పులతో దేవుని గదిలోకి వచ్చినవాళ్లు ఇక రారు కదా అని.

లారీలు పోయాక ఊళ్లో మిగిలింది మనుషులే. చుట్టుపక్కల పల్లెల నుంచి కట్టెలు, కొడవళ్లు పట్టుకుని గుంపులు దిగుతున్నాయని తెలిసింది. ఎవరు రజాకారు, ఎవరు కాదు అని అడిగే ఓపిక వాళ్లకు లేదు. దస్తగీర్ సాబ్ స్టేషన్లోనే చిక్కుకున్నాడు. ఆపా పొద్దున్నే గోడ దగ్గరికి వచ్చింది. ముఖం కడగలేదు.

జహంగీర్‌ను బీదరులో తన చెల్లెలి ఇంటికి పంపించేసిందట, తెల్లవారకముందే, న్యాల్‌కల్ తొవ్వన. సడక్ మీద పోతే అందరి కళ్లూ పడతాయని. ముసలిదాన్ని తననేం చేస్తారు, పోరగాణ్ని కదా ముందు పట్టుకునేది అని. మా ఇంట్లో దాచి ఉంటే బాగుండేదని నేను అనబోయి ఊరుకున్నాను. ఆమె అడగలేదు. నేను ముందే ఎందుకు పిలవలేదో నాకు తెలియదు. ఆ గడప, నీళ్ల చెంబు, మా అత్త, అవన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"స్వెటర్ ఏసుకున్నడు," అంది ఆపా. "చినుకులు పడుతున్నయ్ గద. ఏం ఫికర్ లేదు."

ఆ రోజూ, మరునాడూ ఆమెను మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఆమె తాగిన చెంబు నేను వేరుగా పెట్టలేదు. గుంపు ఒకటి మా వీధికి వచ్చింది. మా ఆయన నుదుట విభూతి నిండుగా పెట్టుకుని గడపలో నిలబడ్డాడు. ఇది చెన్నబసప్ప ఇల్లు అని ఎవరో అన్నారు. వెళ్లిపోయారు. పక్కింటి తాళం పగిలిన చప్పుడు విన్నాం. లోపలి గదిలో ఆపా సలాయిలు ఆపకుండా అల్లుతూనే ఉంది.

గుంపులు సద్దుమణిగి, దస్తగీర్ సాబ్ వచ్చి, ఆమె తన ఇంట్లో పగిలినవి ఏరుకుంటున్న రోజుల్లో నా తమ్ముడు వచ్చాడు.

మధ్యాహ్నం వేళ. మా ఆయన అరుగు మీద కూర్చుని తడిసిన అల్లం ఆరబోస్తున్నాడు. వీధి మలుపులో రేవణసిద్ధప్ప కనిపించాడు. గడ్డం పెరిగింది. ఒంటి మీద నేనల్లిన స్వెటరే, మోచేతుల దగ్గర చిరిగిపోయింది. భుజాన జోలె. నేను గడపలోంచి చూసి పిలవబోయాను. వాడు నన్ను చూడలేదు. వాళ్ల బావను చూసి, నడిచేవాడు నడిచినట్టే నిలబడిపోయాడు. ఎంతసేపు నిలబడ్డాడంటే, మా ఆయనే లేచి వెళ్లి భుజం మీద చెయ్యి వేయవలసి వచ్చింది.

"ఏందిరా సిద్ధూ, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నవ్?"

వాడు ఆయన చేతులు తడిమాడు, ఛాతీ తడిమాడు. తర్వాత అరుగు మీద కూలబడి ఏడ్చాడు. చాలా రోజులకు చూసిన సంతోషమని మేమనుకున్నాం. నేను నీళ్లు తెచ్చాను. తాగలేదు.

"బావా, నీ స్వెటర్ ఏది?" అన్నాడు.

"నాకేడిది?"

"బూడిద రంగుది. అక్క నీకని దాసిపెట్టిన ఊలు."

"గా ఊలా? పక్కింటి దస్తగీర్ సాబ్ కొడుకుకు అల్లిచ్చింది మీ అక్క. నేనే ఇయ్యమన్న. వానికి ఉబ్బసం."

రేవణసిద్ధప్ప చేతికి తగిలిన అల్లం ముక్కను తిరిగి ఆరబోతలో పెట్టాడు. తర్వాత లేచి నా వెంట లోపలికి వచ్చి, జోలెలోంచి మడత పెట్టింది తీసి నా చేతిలో పెట్టాడు. మడత విప్పనవసరం లేకపోయింది. వేళ్లకు అంచు తగిలింది. మూడు, రెండు. తడిపి ఆరేసిన ఊలు బిరుసెక్కింది. వాగు నీళ్లలో కడిగాడట. పూర్తిగా పోలేదు.

వాడు గోడకు ఆనుకుని చెప్పాడు. నేను అడగలేదు. క్యాంపు నుంచి వాడూ ఇంకో ముగ్గురూ ఊళ్లకు మళ్లుతున్నారట. న్యాల్‌కల్ దాటాక చేల గట్టున ఒక పోరడు ఎదురయ్యాడు. ఎవరు నువ్వని అడుగుతుంటే చొక్కా మీది స్వెటర్ కంట పడింది.

"అంచు చూసిన అక్కా. నా ఒంటి మీదున్న అంచే. అదే ఊలు. బావకని నువ్వు చూపించిన ఊలు. మన ఇల్లు దోచిన్రు, బావను చంపి తీసుకున్నడు అనుకున్న. ఏడిదిరా అని అడిగిన. మా అమ్మీ అల్లింది అన్నడు."

చేతి వెనుకతో నోరు తుడుచుకున్నాడు.

"మల్ల మల్ల అడిగిన. నిజం చెప్పు, ఇడిచిపెడ్తనన్న. దమ్ము ఆడుత లేదు వానికి. గదే మాట. మా అమ్మీ అల్లింది. అబద్ధమాడుతున్నడు, ఇది మా అక్క చేతి అల్లిక అన్న తోటోళ్లతోటి. నేనన్నది గంతే. ఆ తర్వాత వాని మీద పడ్డ దెబ్బల్ల నా చెయ్యి ఉంటె ఏంది, లేకుంటె ఏంది?"

ఒంటరిదైందనుకున్న అక్కకు బావ ఆనవాలు అందించడానికి అంత దూరం మోసుకుని వచ్చాడు వాడు. గోడ అవతల ఆపా పగిలిన పింగాణీ ముక్కలు చాటలో ఎత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది. వాడికీ వినిపించింది. ఆమేనా అని కళ్లతో అడిగాడు. అవునన్నాను.

ఆ సాయంత్రం లింగపూజకు కూర్చున్నప్పుడు వాడు ఎడమ అరచేతిలో లింగం పెట్టుకున్నాడు గానీ పెదవులు కదల్లేదు. లింగాన్ని మళ్లీ మెడలోని కరడిగె భరిణెలో పెట్టుకుని, తన స్వెటర్ విప్పి కొక్కేనికి తగిలించి, రాయికోడ్‌కు నడిచి వెళ్లిపోయాడు. తర్వాత మా ఇంటికి వచ్చినా వాడు ఆ గదిలో పూజకు కూర్చోలేదు.

ఆ రాత్రి మా ఆయనకు అంతా చెప్పాను. చెడ్డవాడు కాదాయన. గడపలో నిలబడి ఆపాను కాచినవాడు. ఇప్పుడు నా తమ్ముణ్ని కాయాలని చూశాడు.

"ఊలు ఇప్పెయ్," అన్నాడు. "ఇప్పి ఉండ జేస్తె అది ఉత్త ఊలే. ఎవల స్వెటర్ అని ఎవలు చెప్తరు? పోరడు బీదరుల ఉన్నడని ఆమెను అనుకోనియ్యి. అనుకుంట ఉంటె బతుకుతది. తెలిస్తే సిద్ధు పీకకు ఉరి పడ్తది."

ఆ మాటలో తప్పు వెతికితే నాకు దొరకలేదు. మరునాడు పొద్దున పెరట్లో కూర్చుని మెడ దగ్గరి ముడి వెతికి, కొస లాగాను. ఊలు ఒక వరుస చులాగ్గా వచ్చింది. వచ్చిన దారం నా ఒళ్లో పడి, నిటారుగా ఉండకుండా అలల్లాగా ముడుచుకుంది. ప్రతి అల్లికా దానికి గుర్తుంది. దీన్ని చిలప చుట్టి, నీళ్లలో ముంచి, చెంబు కట్టి వేలాడదీయాలి. వంకర పోయేదాకా ఎన్నాళ్లు వేలాడదీయాలో, గోడ అవతల నుంచి ఆపా చూస్తూ, ఏం ఊలు అది నీలమ్మా అని అడిగితే ఏం చెప్పాలో ఆలోచించాను. న, మ, శి అని వేసిన వాటిని య, వా, శి అని వెనక్కి లాగుతూ పోవాలి. భగవంతుడి పేరును వెనక్కి చదవవచ్చునా అని జంగమయ్యను ఎవరూ అడిగి ఉండరు.

లాగిన వరుసను మళ్లీ సలాయికి ఎక్కించి, అల్లి, ముడి వేశాను. తలుపులోంచి మా ఆయన చూస్తున్నాడు. వద్దనలేదు. నేను పిట్టగోడ దగ్గర ఆగకుండా వీధి తలుపు తీసుకుని, చుట్టూ తిరిగి, ఆపా గడపలోకి వెళ్లాను. అదే మొదటిసారి ఆ గడప ఎక్కడం.

ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నా చేతిలోది చూసింది. అందుకుంది. ముఖానికి ఆనించుకోలేదు, ఏడవలేదు. నా అంచును మొదటిసారి చూసిన రోజున చేసినట్టే దాని మీద వేలు పెట్టి ఒక్కొక్క గీతా తడుముతూ నడుము చుట్టూ తిప్పింది. మొత్తం తిరిగి వచ్చాక ఆగింది.

"ఎవలు తెచ్చిన్రు?"

"నా తమ్ముడు."

పొయ్యి ఎదుట కూర్చున్నాను. తక్కినదీ చెప్పాను. అంచు చూసి ఏమనుకున్నాడో చెప్పాను. ఎక్కడో చెప్పాను. పొయ్యిలో కట్టె కాలి కింద పడింది.

"నా పోరడు ఏమన్నడట?" అంది.

"మా అమ్మీ అల్లింది అన్నడట ఆపా. ఎన్నిసార్లడిగినా గదే అన్నడట."

ఆమె తల పైకెత్తలేదు. కొంగు సవరించుకునే దానిలా ఒక చెయ్యి నడినెత్తి మీద పెట్టుకుంది. ఒట్టు పెట్టించుకున్న చోట. ఆ చెయ్యి అక్కడే ఉంది. నేను వచ్చేసేటప్పుడు కూడా అక్కడే ఉంది.

వారం పాటు గోడ దగ్గరికి ఎవరూ రాలేదు. పోలీసులు వస్తారని మా ఆయన రోజూ వీధి వైపు చూసేవాడు. ఎవరూ రాలేదు. దస్తగీర్ సాబ్ ఒక్కడే ఎవరినో వెంటబెట్టుకుని న్యాల్‌కల్ వైపు పోయి, సాయంత్రానికి తిరిగి వచ్చాడు. ఆయన పైజామాకు మోకాళ్ల దాకా నల్లరేగడి మట్టి అంటుకుని ఉంది. కొడుకు దొరికాడో, అక్కడే మట్టి చేసి వచ్చాడో నేను అడగలేకపోయాను. రైళ్లు మళ్లీ నడిచిన కొద్ది రోజులకే వాళ్లు హైదరాబాదుకు బదిలీ చేయించుకున్నారు. పెట్టెలు బండికి ఎత్తుతుంటే కిటికీ చాటున నిలబడ్డాను. ఆపా బురఖా వేసుకుని బండిలో కూర్చుంది. మా ఇంటి వైపు తిరిగిందో లేదో ఆ ముసుగులో తెలియలేదు.

బండి మలుపు తిరిగాక పెరట్లోకి వచ్చాను. పిట్టగోడ మీద నారింజ రంగు స్వెటర్ మడిచి ఉంది, గాలికి ఎగిరిపోకుండా పైన చిన్న రాయి పెట్టి. గంగకు అల్లుతానన్నది. ఒప్పుకున్న మాట ప్రకారం పూర్తి చేసి పెట్టింది.

ఒళ్లో పెట్టుకుని చూశాను. కింది అంచు ఆమెదే. రెండు సీధా, రెండు ఉల్టా, గీత గీసినట్టు. అది రంజాన్ రోజుల్లో ఎత్తిన అంచు, మేమిద్దరం గోడకు అటూ ఇటూ నవ్వుకున్నప్పటిది. పైకి పోయేకొద్దీ అల్లిక బిగుసుకుంది. అది గుంపులు వచ్చినప్పుడు మా లోపలి గదిలో కూర్చుని అల్లింది. అన్నిటికన్నా చివర వేసేది మెడ అంచు, నేను ఆ కబురు చెప్పి వచ్చాక వేసినదే అయి ఉంటుంది. దాన్ని వేలితో తడిమాను.

మూడు సీధా. రెండు ఉల్టా.

చలికాలం వచ్చింది. గంగ నారింజ స్వెటర్ ఇమ్మని అడిగింది. తల మీద నుంచి తొడుగుతూ, మెడ చుట్టూ సవరిస్తూ, అలవాటున నా పెదవులు కదిలాయి. న, మ, శి. వా, య. చుట్టూ తిరిగి వచ్చేదాకా ఒక్క ఫందా కూడా తప్పు పోలేదు. ఆపా ఆ పేరు పలుకుతూ అల్లిందో, ఉత్త లెక్కగానే అల్లిందో నేను ఇప్పటికీ నా దేవుణ్ని అడుగుతూనే ఉన్నాను.